పాట ఒకచోట, పలుకు ఒకచోట: రెండు లిపుల పుస్తకంలో లైన్లు జరగకుండా టైపు చేయడం ఎలా?

రెండేళ్ళ కిందట కోయంబత్తూరులో మా ఇంట్లో ఒక పెళ్ళి జరిగింది. నలుగు పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు అన్నీ మా అవ్వ పాత నోటుబుక్కులో ఉన్నాయి. అవ్వ రాసుకున్నది తెలుగులో. మా తరం వాళ్ళం కూడబలుక్కుని చదవగలం. మా పిల్లలకు ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు గానీ అక్షరాలు రావు; బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. అందుకని ఎడమ పక్క తెలుగు, కుడి పక్క అదే పాట తమిళ అక్షరాల్లో వేసి 40 కాపీలు పంచుదామనుకున్నాం. టైపు చేసే పని నా మీద పడింది.

మా కంప్యూటరులో చూసినప్పుడు అంతా ముచ్చటగా ఉంది. పెన్‌డ్రైవ్ తీసుకుపోయి జెరాక్సు షాపులో ప్రింటు తీయించాను. పెళ్ళి పనుల్లో పడి సరిచూడలేదు. అప్పగింతల వేళ కాయితాలు అందరి చేతికీ ఇచ్చాం. మొదటి పేజీ ఎలాగో గడిచింది. రెండో పేజీకి వచ్చేసరికి తమిళం ఒక లైను పైకి జరిగిపోయి ఉంది. అవ్వ తెలుగు చూసి ఒక పాదం ఎత్తుకుంటే, పక్కన కూర్చున్న పిల్లలు దాని ఎదురుగా ఉన్నది చదివి తర్వాతి పాదం అందుకున్నారు. "అవ్వా, మాకు ఇక్కడ వేరే ఉందే" అంది ఒక పిల్ల. రెండు మూడు సార్లు అటూ ఇటూ అయ్యాక అవ్వ కాయితం మడిచి పక్కన పెట్టేసి, తనకు కంఠతా వచ్చినట్టు పాడుకుంటూ పోయింది. పిల్లలు ఊరికే విన్నారు. వాళ్ళు కూడా గొంతు కలపాలనే కదా ఆ కాయితాలు వేసింది!

తప్పు జెరాక్సు షాపుది కాదు, నాదే. ఎక్కడ తప్పానో తెలుసుకోవడానికి తర్వాత చాలా రోజులు పట్టింది. ఈ అవసరం ఒక్క మా ఇంటిదే కాదు. హోసూరులో, మదురైలో ఉన్నవారు తమిళం పక్కన, బళ్ళారిలో, బెంగళూరులో ఉన్నవారు కన్నడం పక్కన, బరంపురం వారు ఒడియా పక్కన, షోలాపూర్ వారు మరాఠీ పక్కన తెలుగు వేసుకోవలసి వస్తూనే ఉంటుంది. పెళ్ళి పత్రిక కావచ్చు, సంఘం నియమావళి కావచ్చు, పిల్లలకు అక్షరాలు నేర్పే కాయితం కావచ్చు. ఇలాంటి కాయితంలో లైన్లు తిన్నగా ఉండడం అందం కోసం కాదు. అక్షరం తెలియని పిల్లకు ఎదురుగా ఉన్న లైనే గురువు. ఆ లైను జరిగితే ఆ పిల్ల తప్పు నేర్చుకుంటుంది, లేదా విసుగెత్తి వదిలేస్తుంది.

స్పేస్‌బార్‌ను నమ్ముకుంటే

ముందు అందరమూ చేసే పొరపాటు గురించి. రెండు మాటల మధ్య దూరం కావాలంటే మన బొటనవేలు తనంతట తానే స్పేస్‌బార్ మీదికి పోతుంది. ఇది టైపు మిషను నాటి అలవాటు. మామూలు టైపు మిషనులో ఏ అక్షరం కొట్టినా క్యారేజీ ఒకే కొలత కదిలేది. ఇంగ్లీషు మిషన్లలో సాధారణంగా అంగుళానికి 10 అక్షరాలు, లేదా 12. సన్నటి ఐ అక్షరానికీ, వెడల్పాటి ఎమ్ అక్షరానికీ అంతే చోటు. అక్కడ ఎన్ని స్పేసులు కొట్టామో లెక్కపెట్టుకుంటే కాలమ్ నిలబడేది. వర్డ్‌లో మనం వాడే ఫాంట్లలో ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు. లెక్క అక్కడే తప్పుతుంది.

తెలుగులో ఇంకో మెలిక కూడా ఉంది. "రమ" రెండక్షరాలు, "లక్ష్మి" కూడా రెండక్షరాలే. కానీ కంప్యూటరు లోపల రమకు రెండు సంకేతాలు, లక్ష్మికి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వత్తు కిందికి పోతుంది, గుడి పైకి పోతుంది, చివరికి కాగితం మీద ఎంత వెడల్పు వస్తుందో ఫాంటును బట్టి ఉంటుంది. ఇంగ్లీషుకైతే కొరియర్ న్యూ లాంటి సమాన వెడల్పు ఫాంటు పెట్టి గట్టెక్కవచ్చు. ఆ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. మీరు అది ఎంచుకున్నా వర్డ్ చప్పుడు చేయకుండా వేరే ఫాంటు తెచ్చి తెలుగు చూపిస్తుంది. పైగా పేరా రెండు అంచులూ సమానంగా రావాలని జస్టిఫై బటన్ నొక్కారంటే, వర్డ్ స్పేసులను సాగదీస్తుంది. లెక్కపెట్టి కొట్టిన స్పేసులు అప్పుడు ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు.

మీ పాత ఫైలు ఏ స్థితిలో ఉందో చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్, 8 మూడూ కలిపి నొక్కండి. లిబ్రె ఆఫీస్ వాడేవారు కంట్రోల్, ఎఫ్10 నొక్కాలి. స్పేసు ఉన్న ప్రతిచోటా ఒక చుక్క, టాబ్ ఉన్నచోట ఒక బాణం కనిపిస్తాయి. మాటల మధ్య చుక్కలు చీమల బారులా కనిపిస్తే ఆ ఫైలు ఏదో ఒక రోజు మోసం చేస్తుంది. మళ్ళీ అవే నొక్కితే ఆ గుర్తులు మాయమవుతాయి; అవి ఎలాగూ ప్రింటులో రావు.

నా పాటల కాయితంలో జరిగిందేమిటి

నేను స్పేసులు కొట్టలేదు. అంతమాత్రం తెలుసు. ఒక పట్టిక వేసి, దానికి రెండే గడులు పెట్టి, ఎడమ గడిలో తెలుగు పాట మొత్తం, కుడి గడిలో తమిళ పాట మొత్తం పోశాను. పాదానికొక ఎంటర్. రెండు వైపులా లైన్ల లెక్క సమానమే. చూడటానికి ఎదురుబదురుగా ఉన్నాయి. కానీ వాటిని కట్టి ఉంచే తాడు ఏదీ లేదు, పక్కపక్కన నడుస్తున్నాయంతే.

తెలుగుకు కింద వత్తులు, కొన్నిసార్లు వత్తు కింద ఇంకో వత్తు. "స్త్రీ", "లక్ష్మీ" లాంటివి పట్టడానికి తెలుగు ఫాంట్లు లైనుకు ఎత్తు ఎక్కువ ఉంచుకుంటాయి. తమిళంలో ఒకదాని కింద ఒకటి వత్తులు పేర్చే పద్ధతి మామూలుగా ఉండదు. కాబట్టి ఒకే సైజు పెట్టినా రెండింటి లైను ఎత్తు ఒకటి కాదు. తెలుగు లైను 9.5 మిల్లీమీటర్లు, తమిళ లైను 9.1 మిల్లీమీటర్లు అనుకుందాం. తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, కంటికి ఆనదు. ఏ4 కాగితానికి పైనా కిందా 2 సెంటీమీటర్లు వదిలితే మిగిలేది 257 మిల్లీమీటర్లు. అందులో తెలుగు లైన్లు 27 పడతాయి, తమిళ లైన్లు 28 పడతాయి. అంటే మొదటి పేజీ అడుగుకు వచ్చేసరికే ఒక లైను తేడా. రెండో పేజీ ఎడమ పక్క 28వ పాదంతో మొదలైతే కుడి పక్క 29వ పాదంతో మొదలవుతుంది. పిల్లలు అందుకున్న "తర్వాతి పాదం" ఇదే.

మరి మా కంప్యూటరులో బాగానే ఉందే? మా దగ్గర నేను ఎంచుకున్న తెలుగు ఫాంటు లైను ఎత్తు కాస్త తక్కువ, తమిళ ఫాంటుతో దాదాపు సరిపోయింది. షాపు కంప్యూటరులో ఆ తెలుగు ఫాంటు లేదు. లేని ఫాంటు బదులు వర్డ్ తన దగ్గరున్న ఇంకోటి పెట్టింది. అది ఇంకొంచెం ఎత్తు. అక్కడితో నా లెక్క గోవిందా.

తాడు కట్టడం: పాదానికొక అడ్డు వరుస

మందు చాలా చిన్నది. పాట మొత్తానికి ఒక గడి కాదు, ఒక్కో పాదానికి ఒక్కో అడ్డు వరుస. తెలుగు పాదం ఎడమ గడిలో, దాని తమిళం అదే వరుసలో కుడి గడిలో. తెలుగు పాదం పొడవై రెండు లైన్లుగా విరిగిందనుకోండి, ఆ వరుసే ఎత్తు పెరుగుతుంది. తమిళం దాని ఎదురుగానే ఉంటుంది. ఫాంటు మారినా, సైజు పెంచినా, పేజీ మారినా వరుస వరుసగానే కదులుతుంది.

పత్రికల్లో లాగా లేఅవుట్‌లో కాలమ్స్ అనే బటన్ ఉంది కదా, దానితో చేయకూడదా అని కొందరు అడుగుతారు. అది వేరే పనికి. అందులో రాత ఎడమ కాలమ్ అడుగుదాకా పోయి, అక్కణ్ణుంచి కుడి కాలమ్ పైకి ఎక్కుతుంది. వార్తకు, వ్యాసానికి బాగుంటుంది. ఎదురెదురుగా చదవవలసిన రెండు భాషలకు అది పనికిరాదు. ఒకటి రెండు పేజీలు ఎలాగో సర్దినా, మధ్యలో ఒక్క పాదం చేర్చారంటే మళ్ళీ మొదటికి వస్తుంది.

పని మొదలుపెట్టేముందు కాగితం సైజు, అంచులు ఖాయం చేసుకోండి. తర్వాత మారిస్తే కాలమ్‌ల కొలతలన్నీ మళ్ళీ చూసుకోవాలి. నిలువు ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. రెండు పక్కలా 2 వదిలితే 17 మిగులుతుంది. నేను మూడు కాలమ్‌లు పెడతాను: 1 సెంటీమీటరు, 8, 8. మొదటి సన్న కాలమ్‌లో పాదం నంబరు. ఇది నా సొంత తెలివి కాదు, మా వదిన చెప్పింది. నంబరు ఉంటే "ఏడో నంబరు ఎత్తుకోండమ్మా" అని ఒక్క మాట చాలు. ఎవరి చేతిలో ఏ లిపి ఉన్నా అందరూ ఒకేచోటికి వస్తారు.

ఇన్సర్ట్ మెనూలో టేబుల్ తీసుకుని మూడు కాలమ్‌లు, రెండు వరుసలు పెట్టండి. ఎన్ని వరుసలు కావాలో ముందే లెక్కించనక్కరలేదు. చివరి గడిలో ఉండి టాబ్ మీట నొక్కితే కొత్త వరుస పుడుతుంది. ఇప్పుడు పట్టిక మీద కుడి క్లిక్ చేసి టేబుల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళండి. అక్కడ ఆప్షన్స్ నొక్కితే "ఆటోమేటికల్లీ రీసైజ్ టు ఫిట్ కంటెంట్స్" అని ఒక టిక్కు ఉంటుంది. దాన్ని తీసేయండి. అది ఉన్నంతకాలం, ఒక గడిలో పొడుగాటి మాట పడితే ఆ కాలమ్ ఉబ్బి పక్క కాలమ్‌ను నొక్కేస్తుంది. చాలామంది "పట్టిక వేసినా కదులుతోంది" అని వాపోయేది దీనివల్లే. తర్వాత కాలమ్ అనే పేజీలో 1, 8, 8 కొలతలు ఇవ్వండి. రో అనే పేజీలో "అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్" టిక్కు కూడా తీసేయండి. అప్పుడు ఒక పాదం సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడదు. పైన తెలుగు, తమిళం అని శీర్షిక వరుస ఉంటే దాన్ని ప్రతి పేజీ మీదా రప్పించే టిక్కు కూడా అక్కడే ఉంది.

కాలమ్ నెత్తి మీదికి మౌస్ తీసుకెళ్తే కిందికి చూసే నల్ల బాణం వస్తుంది. అప్పుడు క్లిక్ చేస్తే కాలమ్ మొత్తం ఎంపికవుతుంది. తెలుగు కాలమ్‌కు తెలుగు ఫాంటు, తమిళ కాలమ్‌కు తమిళ ఫాంటు ఒకేసారి పెట్టేయవచ్చు. ఒకే వరుసలో తెలుగు కొంచెం కిందికి, తమిళం కొంచెం పైకి ఉన్నట్టు అనిపిస్తే, పట్టిక లేఅవుట్‌లో గడి మధ్యకు తెచ్చే అలైన్‌మెంట్ బటన్ నొక్కితే సర్దుకుంటుంది. లైన్ స్పేసింగ్‌లో "ఎగ్జాక్ట్లీ" అని పెట్టి అన్నిటికీ ఒకే ఎత్తు ఇచ్చే దారి కూడా ఉంది. అయితే 14 సైజు తెలుగుకు 16 ఎత్తు ఇచ్చారనుకోండి, కింది వత్తులు కోసుకుపోతాయి. 24 ఇస్తే నిశ్చింత.

ఒక చరణం మధ్యలో పేజీ మారితే పాడేవారికి ఇబ్బంది. చరణంలో చివరి వరుస తప్ప మిగతా వరుసలు ఎంచుకుని, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో "కీప్ విత్ నెక్స్ట్" పెడితే చరణం మొత్తం కలిసే తర్వాతి పేజీకి పోతుంది. పట్టిక గీతలు వద్దనుకుంటే బోర్డర్స్‌లో నో బోర్డర్. నేను మాత్రం అడ్డు గీతలు లేత బూడిద రంగులో ఉంచుతాను. పెళ్ళి పందిట్లో వెలుతురు అంతంతమాత్రం, అవ్వల కళ్ళకు ఆ సన్న గీత పట్టుకొమ్మ.

పాత ఫైలును మళ్ళీ మొదటినుంచి కొట్టాలా?

అక్కరలేదు. ఎక్సెల్ తెరిచి, మొదటి కాలమ్‌లో తెలుగు పాట మొత్తం అతికించండి, రెండో కాలమ్‌లో తమిళం. పాదానికొక ఎంటర్ కొట్టి ఉంటే ఒక్కో పాదం ఒక్కో గడిలో కూర్చుంటుంది. రెండూ కలిపి కాపీ చేసి వర్డ్‌లో అతికిస్తే పట్టిక సిద్ధం. ఇందులో ఇంకో లాభం చూశాను. ఎడమ పక్క 64 వరుసలు, కుడి పక్క 63 వచ్చాయి. అంటే తమిళంలో ఒక పాదం టైపు చేయడమే మర్చిపోయాను! అది నోటుబుక్కు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివినా దొరకని తప్పు.

తమిళ అక్షరాల గురించి ఒక మాట. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ కూడా అంతే. అందుకని "పాట", "బాట" తమిళంలో ఒకేలా రాయాల్సి వస్తుంది. "కాలి", "గాలి" కూడా. తమిళ స్తోత్ర పుస్తకాల్లో దీనికి ఒక పద్ధతి ఉంది: అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు. 3 ఉంటే గ లాగా, బ లాగా పలకాలి. మా పిల్లలకు పది నిమిషాల్లో పట్టుబడింది. అక్షరముఖ అనే ఉచిత లిపి మార్పిడి సాధనం తెలుగు అక్షరాలను తమిళంలోకి, కన్నడంలోకి, ఒడియాలోకి మార్చిపెడుతుంది. తమిళానికి ఈ అంకెలు కూడా వేయగలదు. మార్చాక మాత్రం పాట తెలిసినవారు ఒకసారి చదివి చూడాలి. బళ్ళారి వారి అదృష్టం వేరు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు, అక్షరానికి అక్షరం ఉంది, ఈ అంకెల గొడవ లేదు.

2006లో వచ్చిన చట్టం తర్వాత తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి భాష అయింది. మా పిల్లలు తమిళం చక్కగా చదువుతారు, అది సంతోషమే. ఆ చదువునే మెట్టుగా చేసుకుని తెలుగు అక్షరం మీదికి ఎక్కించవచ్చునని నాకు ఈ కాయితాల వల్లే తెలిసింది. కుడి పక్క చదువుతూ ఎడమ పక్కకు చూసీ చూసీ, మా అన్న కూతురు "అమ్మ" అనే మాటను తెలుగులో తనంతట తానే గుర్తుపట్టింది.

జాబితాల సంగతి

పేర్లు, చందాలు ఉన్న చిన్న జాబితాకు పట్టిక దాకా పోనక్కరలేదు, టాబ్ చాలు. టాబ్ మీట నొక్కితే వర్డ్ మామూలుగా అర అంగుళానికొకచోట ఆగుతుంది. అందుకే పొట్టి పేరు ఒకచోట, పొడుగు పేరు ఇంకోచోట ఆగి, మనం రెండోసారి మూడోసారి నొక్కుతాం. అలా కాకుండా ముందు లైన్లన్నీ ఎంచుకోండి. ఇది మరవకండి, టాబ్ గుర్తు పేరాకు చెందినది. ఒక లైనులో ఉండి పెడితే ఆ ఒక్క లైనుకే వస్తుంది. తర్వాత వ్యూలో రూలర్ తెరిచి, దాని మీద ఎక్కడ ఆగాలో అక్కడ క్లిక్ చేయండి. ఆ గుర్తు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే పూర్తి సెట్టింగులు వస్తాయి. చందా అంకెలకు 16 సెంటీమీటర్ల దగ్గర కుడి టాబ్ పెట్టి, లీడర్ అనేచోట చుక్కలు ఎంచుకుంటే, పేరు నుంచి అంకెదాకా చుక్కలు వాటంతట అవే నిండుతాయి. 501, 1,116, 25,000 అన్నీ కుడి అంచున ఒకేచోట ముగుస్తాయి. పైసలు కూడా ఉంటే డెసిమల్ టాబ్ పెట్టాలి. మాటకూ అంకెకూ మధ్య టాబ్ ఒక్కసారే నొక్కాలి, రెండోసారి నొక్కాలనిపిస్తే ఎక్కడో గుర్తు తప్పుగా ఉందని అర్థం.

కానీ నాలుగైదు కాలమ్‌లు ఉండి, అందులో కొన్ని ఖాళీగా ఉండే జాబితాకు టాబ్ వాడకండి. దీనికీ ఒక కథ ఉంది. బడిలో తెలుగు చెప్పించమని మా పేట నుంచి ఒక అర్జీ పెట్టాం. మాతృభాషలో ప్రాథమిక చదువు గురించి రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది కదా, దాన్ని ఉదహరించి, కింద పిల్లల జాబితా జత చేశాం: పిల్ల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు. తమిళనాడులో మన వాళ్ళు చాలామంది ఇంటిపేరు రాయడం మానేసి తండ్రి పేరులోని మొదటి అక్షరమే ముందు పెట్టుకుంటున్నారు. కొందరు పిల్లలకు తమ ఇంటిపేరేమిటో తెలియదు, ఆ చోటు ఖాళీ. స్పేసులతో నిండిన ఆ జాబితాను బాగుచేద్దామని నేను రెండు స్పేసులున్న ప్రతిచోటా టాబ్ పెట్టి, తర్వాత జంట టాబ్‌లన్నిటినీ ఒక్క టాబ్‌గా మార్చేశాను. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో చిటికెలో అయిపోయింది. ఇంటిపేరు ఖాళీగా ఉన్నవారి వరుసలన్నీ ఒక గడి ఎడమకు జరిగాయి. తండ్రి పేరు ఇంటిపేరైంది, వయసు తండ్రి పేరైంది. "ఏమిటండీ, ఎనిమిది అనే ఆయన ఎవరు?" అని అడిగి వెనక్కి ఇచ్చారు. నవ్వొచ్చే మాటే. కానీ మళ్ళీ సంతకాలు సేకరించడానికి మూడు వారాలు పోయింది.

ఆ చిట్కా వాడాల్సివస్తే ముందు ఖాళీ చోట్లన్నిటిలో ఒక అడ్డగీత పెట్టండి. ఆపైనే స్పేసులు టాబ్‌లుగా మార్చి, ఇన్సర్ట్, టేబుల్, "కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్" దారిన పట్టిక చేసుకోండి. వేరుచేసే గుర్తు టాబ్స్ అని చెప్పాలి. పట్టిక అయ్యాక ఇంటిపేరు కాలమ్‌ను పైనుంచి కిందికి ఒక్కసారి చదవండి. తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది. పట్టిక గడిలో ఉండగా టాబ్ నొక్కితే పక్క గడికి పోతుంది కాబట్టి, గడి లోపలే టాబ్ కావాలంటే కంట్రోల్ పట్టుకుని టాబ్ నొక్కాలి.

ఇల్లు దాటేముందు

విండోస్ కంప్యూటర్లలో ఎక్స్‌పీ కాలంలో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ తెలుగు ఫాంట్లుగా వచ్చాయి. నిర్మలా యూఐలో తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, దేవనాగరి అన్నీ ఉన్నాయి. రెండు లిపుల పనికి అది తేలిక. అచ్చులో ఇంకొంచెం అందం కావాలంటే నోటో కుటుంబంలో ఈ లిపులన్నిటికీ ఉచిత ఫాంట్లు ఉన్నాయి. ఏది వాడినా అవతలి కంప్యూటరులో, ఫోనులో అది ఉంటుందని అనుకోకండి. ప్రింటుకు ఇచ్చేది ఎప్పుడూ పీడీఎఫ్. సేవ్ యాజ్‌లో ఆ రకం ఎంచుకుంటే మీరు చూసినదే అక్కడా వస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా పట్టికను కాపీ చేసి సందేశంలో అతికించకండి, కాలమ్‌లన్నీ కుప్పకూలతాయి. పీడీఎఫ్‌ను డాక్యుమెంటుగా పంపండి. అవతలివారు దిద్దవలసి ఉంటేనే వర్డ్ ఫైలు ఇవ్వండి, అప్పుడు ఆప్షన్స్‌లో సేవ్ అనే పేజీలో ఫాంట్లను ఫైలులోనే పొదిగే టిక్కు పెట్టండి. ఫోనులో పని చేసేవారు రూలర్ కోసం వెతకవద్దు, గూగుల్ డాక్స్‌లో పట్టిక పెట్టుకోవడమే సులువు.

పాత డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన సంఘం ఫైళ్ళు ఇంకా చాలామంది దగ్గర ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు బదులు పిచ్చి గీతలు, ఇంగ్లీషు ముక్కలు కనిపిస్తాయి. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్పించి, ఆ తర్వాతే పట్టికలో పెట్టాలి. మార్చినప్పుడు వత్తులు కొన్ని తారుమారవుతుంటాయి, చూసుకోవాలి.

వచ్చే తై నెలలో మా వదిన కొడుకు పెళ్ళి. ఈసారి పుస్తకంలో 14 పాటలు. ఒక పాటలో 9, 10 పాదాలు గుర్తు రావడం లేదంటోంది అవ్వ. నోటుబుక్కులో ఆ చోట కాగితం చిరిగిపోయింది. ఆ రెండు వరుసలు నంబర్లు వేసి ఖాళీగా ఉంచాను.